ఆపినా వెలిగే బల్బు

పడగ్గదిలో పాత 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాను. రాత్రి స్విచ్ ఆపాక చూస్తే మిణుగురు పురుగులా సన్నగా వెలుగుతూనే ఉంది! బల్బు మార్చినా అదే తంతు. చివరికి స్విచ్ ఆపి, బల్బు తీసి హోల్డర్‌లో టెస్టర్ పెడితే టెస్టర్‌లోని లైటు వెలిగింది. అంటే స్విచ్‌ను ఫేజ్ వైరుకి (కరెంటు వచ్చేది) కాక న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లేది) బిగించారన్నమాట; అందుకే స్విచ్ ఆపినా హోల్డర్ దాకా కరెంటు వస్తూనే ఉంది. పక్కపక్కనే నడిచే వైర్ల మధ్య జారే కొద్దిపాటి కరెంటు చాలు, ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. పాత బల్బు ఫిలమెంటు వేడెక్కడానికి అది చాలదు, అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు. స్విచ్ ఆపాం కదా అని ఎన్నిసార్లు ఆ హోల్డర్‌ దగ్గర చెయ్యి పెట్టానో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో వైర్లు మార్పించాను. పది నిమిషాల పని. ఆ రాత్రి గదిలో కటిక చీకటి.