ఎమ్మారై బొమ్మల నుంచి ఒకరి గుండె మోడల్ కట్టేటప్పుడు

ఒకరి గుండెకు కంప్యూటర్‌లో మోడల్ కట్టడం నేర్చుకోవాలని వచ్చేవాళ్లు సిమ్యులేషన్ ఎప్పుడు నడుపుదామా అని తొందరపడతారు. నేను ముందు స్లైసులు, అంటే ఎమ్మారై పొరలు పొరలుగా తీసిన బొమ్మలు, తెరిపిస్తాను. అక్కడ దొర్లిన తప్పును తర్వాత ఏ సాల్వరూ (సిమ్యులేషన్ లెక్కలు చేసే ప్రోగ్రామ్) సరిదిద్దలేదు.

సినీ ఎమ్మారైలో (గుండె కొట్టుకోవడాన్ని వీడియోలా చూపించేది) గుండెకు అడ్డంగా తీసే స్లైసులు మామూలుగా 8 మి.మీ. మందం ఉంటాయి. పైగా ఒకటి రెండు స్లైసులకోసారి పేషెంటు ఊపిరి బిగబట్టాలి. ప్రతిసారీ గుండె సరిగ్గా అదే చోట ఉండదు. అందుకే వాటిని పేరిస్తే జఠరిక (గుండె కింది గది) గోడ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. దాన్ని స్మూతింగ్‌తో కప్పెట్టేయకండి. నిలువుగా తీసిన రెండు గదుల, నాలుగు గదుల బొమ్మలు పక్కన పెట్టుకుని, గోడ గీతలు కలిసేదాకా ఒక్కో స్లైసునూ జరపండి.

గోడ గుర్తించడానికి త్రీడీ స్లైసర్ గానీ ఐటీకే-స్నాప్ గానీ, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చాలు. మధ్య స్లైసులను ఆటోమేటిక్ టూల్ బాగానే చేస్తుంది, కవాటాల దగ్గర, కొన దగ్గర చేత్తో దిద్దాల్సిందే. దిద్దాక ఒక లెక్క వేయండి: కండరం ఘనపరిమాణాన్ని మిల్లీలీటర్లలో తీసి 1.05తో గుణిస్తే గ్రాముల్లో బరువు వస్తుంది. గుండె నిండినప్పుడూ ముడుచుకున్నప్పుడూ ఆ బరువు దాదాపు ఒకటే ఉండాలి. 20 గ్రాములు తేడా వచ్చిందంటే నేను మొదట అనుమానించేది కవాటాల పక్క స్లైసునే.

మచ్చ (దెబ్బతిని చచ్చిపోయిన గుండె కండరం) కోసం గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చాక ఆలస్యంగా తీసిన బొమ్మలు కావాలి. వాటినీ సినీ బొమ్మలతో సరిపెట్టాకే గీయండి. మచ్చ అంచున సగం బతికున్న కండరాన్ని విడిగా గుర్తించండి. విద్యుత్ తరంగం అక్కడ నెమ్మదిస్తుంది, ప్రమాదకరమైన లయలు చాలావరకు అక్కడే పుడతాయి.

మెష్‌కు, అంటే గుండె ఆకారాన్ని లెక్కల కోసం చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడానికి, జీమెష్ అనే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. విద్యుత్ సిమ్యులేషన్‌కైతే ఒక్కో ముక్క అంచు పొడవు 0.3 మి.మీ. దగ్గర ఉంచండి, ముతకగా ఉంటే తరంగం వేగమే తప్పుగా వస్తుంది. మామూలు ఎమ్మారైలో కండర పోగుల దిశ కనిపించదు కాబట్టి లోపలి గోడకు +60 డిగ్రీలు, బయటి గోడకు -60 డిగ్రీలు అని నియమంతో ఇస్తాం.

ఓపెన్‌కార్ప్‌లో (గుండె విద్యుత్ సిమ్యులేషన్ చేసే సాఫ్ట్‌వేర్) నడిపాక, పోగుల వెంట తరంగం వేగాన్ని సెకనుకు 0.6 మీటర్లతో మొదలుపెట్టి, ఆ పేషెంటు ఈసీజీలోని క్యూఆర్ఎస్ (జఠరికల్లో విద్యుత్ పాకడాన్ని చూపే అలల గుంపు) వెడల్పుకు సరిపోయేదాకా సర్దండి. పేస్‌మేకర్ నడిపిన లయలో తీసిన ఈసీజీ కూడా ఉంటే దాన్ని సర్దుబాటులో వాడకుండా దాచి, చివర్లో మోడల్ దాన్ని ముందే చెప్పగలిగిందా లేదా చూడండి.