ఎత్తులు పోల్చడంలో పిల్లలు తడబడితే: సమస్యలు, పరిష్కారాలు

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఎత్తులు పోల్చడం నేర్పేటప్పుడు ఎదురయ్యే పొరపాట్లలో ఎక్కువ భాగం మనం అడిగిన మాటలోనో, వస్తువులను ఉంచిన తీరులోనో పుడతాయి. అందువల్ల సరైన జవాబు అందించే ముందు ఆ రెండింటినీ సరిచూసుకోవాలి.

సమస్య: ఏది చూపినా "పెద్దది" అంటారు.

కారణం: తెలుగులో "పెద్ద" అనే మాట ఎత్తుకూ, లావుకూ, వయసుకూ కూడా చెల్లుతుంది, పెద్దన్నయ్య తమ్ముడికంటే పొట్టిగా ఉన్నా పెద్దన్నయ్యే. బిందెనూ, దానికంటే పొడుగైన సన్నని సీసానూ పక్కపక్కన పెట్టి "ఏది పెద్దది?" అని అడిగినప్పుడు బిందెను చూపిన పిల్లది తప్పని నేను అనుకోను, ప్రశ్నే సరిగా లేదు. "ఎత్తు" అన్నా చిక్కే. "ఎత్తుగా ఉంది", "ఎత్తులో ఉంది" అనే రెండు మాటలకు తేడా ఆ వయసులో అందదు. పైగా "నన్ను ఎత్తుకో" అనేటప్పుడు వాళ్లు రోజూ వాడే మాట కూడా అదే.

పరిష్కారం: ఇంట్లో వినే "పొడుగు, పొట్టి" జంటతో మొదలుపెట్టి, "ఎత్తు"ను కొన్ని వారాల తర్వాత పరిచయం చేయాలి. మొదటి వస్తువుల్లో ఎత్తు తప్ప మరో తేడా ఉండకూడదు. ఖాళీ అగ్గిపెట్టెలు మూడింటిని ఒకదానిపై ఒకటి పేర్చి, దాని పక్కన ఐదింటిని పేర్చితే సరిపోతుంది. బిందె, సీసా వంటి జతలను ఆ తర్వాతే తీసుకోవాలి.

సమస్య: పీట మీద ఉన్న గ్లాసే, నేల మీది సీసాకంటే పొడుగంటారు.

కారణం: పిల్లలు పై అంచును మాత్రమే చూస్తారు, అడుగును లెక్కలోకి తీసుకోరు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే సమానమైన రెండు పుల్లలను పక్కపక్కన ఉంచి ఒకదాన్ని కొద్దిగా ముందుకు జరిపినప్పుడు, చిన్నపిల్లలు ఆ జరిపినదే పొడవైనదని చెప్పడం గమనించారు. ఇది కూడా ఆ కోవలోదే.

పరిష్కారం: గ్లాసును మనం దించకూడదు, పిల్లచేతనే దింపించాలి. "రెండింటి కాళ్లూ ఒకేచోట ఉన్నాయా?" అని అడిగి, అడుగు అంచులను వేలితో తడిమించి, ఆపైన అట్టముక్కను గ్లాసు మూతి మీద పడుకోబెట్టి సీసా వైపు నెమ్మదిగా జరపమనాలి. అట్ట సీసా నడుముకు తగిలి ఆగిపోతుంది. ఆ క్షణంలో మనం మాట్లాడకపోవడమే మంచిది. చాలామంది టీచర్లు తొందరపడేది ఇక్కడే. ఒక్కసారికి ఈ పొరపాటు పోదు, కాబట్టి వస్తువులు మార్చి మళ్లీ మళ్లీ చేయించాలి.

సమస్య: మూడు వస్తువులు పెడితే మధ్యదాని దగ్గర ఆగిపోతారు.

కారణం: "పొడుగు" అనేది ఎరుపులాగా వస్తువుకు అంటుకుని ఉండే గుణమని వాళ్ల భావన. ఒకే వస్తువు ఒకదాని పక్కన పొడుగై, మరొకదాని పక్కన పొట్టి కావడం వింతగా తోస్తుంది.

పరిష్కారం: మూడింటినీ ఒకేసారి చూపకుండా, మధ్యదాన్ని పిల్ల చేతికిచ్చి, దాన్ని ఒక్కొక్కదాని పక్కన నిలబెట్టించి, "చెంబుకంటే పొడుగు", "సీసాకంటే పొట్టి" అని పూర్తి వాక్యం పలికించాలి. ఆ "కంటే" జారిపోకుండా చూడాలి.

సమస్య: ఒకరి పక్కన ఒకరిని నిలబెడితే మునివేళ్ల మీద లేస్తారు, లేదా పొట్టివాడని ఎవరినో ఏడిపిస్తారు.

పరిష్కారం: వస్తువులతో అభ్యాసం కుదిరేవరకు పిల్లల ఎత్తులను పోల్చవద్దు. తర్వాత పోల్చినా, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, ప్రతి బిడ్డనూ తలుపుతోనో కిటికీతోనో పోల్చాలి.