రెండు కమోడ్ల డ్రాయింగ్‌కి 41 ఎంబీ ఎందుకు?

ఆ మధ్య ఒక టాయిలెట్ డీటెయిల్ డ్రాయింగ్ నా చేతికొచ్చింది. రెండు కమోడ్లు, ఒక వాష్ బేసిన్, నాలుగు గోడలు, పది పన్నెండు డైమెన్షన్లు, అంతే. ఫైల్ సైజు మాత్రం 41 ఎంబీ. తెరవడానికి ఆటోక్యాడ్ (మేం డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) ఆపసోపాలు పడింది. సేవ్ కొడితే ఈలోగా టీ తాగి రావచ్చు. పంపినాయన "పర్జ్ చేశానండీ, అయినా తగ్గట్లేదు" అన్నాడు. పర్జ్ అంటే డ్రాయింగ్‌లో వాడకుండా పడి ఉన్నవాటిని తీసేసే కమాండ్. చేసే ఉంటాడు, ఆయన్ని తప్పుపట్టను. ఇల్లు అలకగానే పండగ అయిపోదు కదా.

పంతొమ్మిదేళ్లుగా డ్రాఫ్టింగే నా పని. ఫైల్ బరువెక్కితే చాలామంది కనపడే గీతల మీద పడి చెరపడం మొదలుపెడతారు. నేను ముందు బరువు ఎక్కడుందో చూస్తాను. ఫైల్‌కి ఒక కాపీ తీసుకోండి, అసలుది ముట్టుకోవద్దు. కాపీలో లేయర్లన్నీ (గీతల్ని విడివిడిగా పెట్టుకునే పొరలు) ఆన్ చేసి, ఫ్రీజ్ తీసి, లాక్ తీసి, మోడల్‌లోనూ (గీసే చోటు) లేఅవుట్లలోనూ (ప్రింట్ షీట్లు) ఉన్నదంతా చెరిపేయండి. పర్జ్ కొట్టి వేరే పేరుతో సేవ్ చేయండి. ఏమీ లేని డ్రాయింగ్ కేబీల్లో ఉండాలి. అప్పటికీ ఎంబీల్లోనే ఉంటే బరువు గీతల్లో లేదన్నమాట. ఈ పరీక్షకి రెండు నిమిషాలు పడుతుంది, రెండు గంటలు మిగులుస్తుంది.

టాయిలెట్ డ్రాయింగ్‌లో అదే జరిగింది. అంతా చెరిపినా 39 ఎంబీ దగ్గర మొండికేసింది. కంటికి కనపడని ఇలాంటి చెత్త ఎక్కువగా రెండు రకాలు. మొదటిది రెగ్‌యాప్స్. ఆటోక్యాడ్‌కి తగిలించుకున్న రకరకాల ప్రోగ్రాములు డ్రాయింగ్‌లో తమ పేరు నమోదు చేసుకుని పోతాయి. ఆ ప్రోగ్రాము మనం జన్మలో వాడకపోయినా పేరు మాత్రం ఉండిపోతుంది. ఇవి పర్జ్ డైలాగ్‌లో కనపడవు. కమాండ్ లైన్‌లో పర్జ్ ముందు ఒక హైఫన్ పెట్టి కొట్టాలి. ఆప్షన్లలో రెగ్‌యాప్స్ ఎంచుకుని, పేర్లు అడిగినప్పుడు స్టార్ గుర్తు ఇచ్చి, ఒక్కోటి అడిగి తీయాలా అంటే నో అనండి. కమాండ్ విండోలో పేర్లు జలపాతంలా కిందికి జారిపోతుంటే చూడటానికి భలే ఉంటుంది.

రెండోది డీజీఎన్ లైన్ స్టైల్స్. మైక్రోస్టేషన్ అనే ఇంకో డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన డీజీఎన్ ఫైల్‌ని ఎవరో ఎప్పుడో ఆటోక్యాడ్‌లోకి తెచ్చుకుంటారు. దానితో వచ్చిన లైన్ స్టైల్ సరంజామా లోపల తిష్ఠ వేస్తుంది. పైగా ఇది అంటువ్యాధి. ఆ ఫైల్లోంచి కాస్త కాపీ చేసి ఇంకో ఫైల్లో పేస్ట్ చేస్తే చెత్త కూడా వెంట రావచ్చు. మన ఫైల్‌కి అసలు డీజీఎన్‌తో సంబంధమే లేదు కదా అని వెతకడం మానొద్దు. 2015 నుంచి వచ్చిన ఆటోక్యాడ్‌లలో పర్జ్ డైలాగ్‌లోనే దీనికి ఒక టిక్ ఉంది, ఆర్ఫన్డ్ డేటా అని. అది పెట్టి పర్జ్ చేయండి. టాయిలెట్ డ్రాయింగ్‌లో అసలు దొంగ ఇదే. టిక్ పెట్టి పర్జ్ చేసి సేవ్ కొట్టాక 41 ఎంబీ కాస్తా 2 ఎంబీ లోపుకి దిగింది.

మామూలు పర్జ్ చేసేటప్పుడు నెస్టెడ్ ఐటమ్స్ టిక్ కూడా పెట్టండి. బ్లాక్ (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపు) లోపల బ్లాక్, దాని లోపల ఇంకో బ్లాక్ ఉంటే ఒక్క దెబ్బకి పోవు. ముందూ వెనకా ఆడిట్ (ఫైల్లో తప్పులు వెతికే కమాండ్) ఒకసారి నడిపి, తప్పులు దిద్దమంటారా అంటే ఎస్ అనండి.

మొదటి పరీక్షలో అంతా చెరిపితే బరువు తగ్గిపోయిందా, అప్పుడు నిజంగానే గీతల వల్లే. ఒకదాని మీద ఒకటి పడ్డ డూప్లికేట్లని తీయడానికి ఓవర్‌కిల్ కమాండ్ ఉంది. కానీ దాని డైలాగ్‌లో చివరా చివరా కలిసే గీతల్ని ఒకటి చేసే టిక్ ముందే పెట్టి ఉంటుంది. గోడని ముక్కలుగా గీసి, ముక్కకో కొలత తీసుకునే అలవాటుంటే అది తీసేయండి. ఎక్స్‌ప్లోడ్ చేసిన, అంటే విడి గీతలుగా విడగొట్టిన హ్యాచ్ (గోడల్లాంటి వాటిలో నింపే గీతల నమూనా) కనిపిస్తే ఆ వేల గీతల్ని చెరిపి హ్యాచ్ కొత్తగా వేయండి, బాగుచేయాలని చూడకండి. ఎక్సెల్ నుంచి, బొమ్మల నుంచి కంట్రోల్ వీతో అతికించినవి ఓఎల్ఈ (వేరే ప్రోగ్రాము వస్తువుని లోపలే పొదిగే పద్ధతి) రూపంలో ఫైల్ పొట్టలోకే వెళ్తాయి. బొమ్మ అవసరమైతే ఇమేజ్ అటాచ్ చేయండి, అప్పుడు డ్రాయింగ్‌లో దాని అడ్రసే ఉంటుంది. ఎక్కడెక్కడినుంచో దింపుకున్న త్రీడీ సోఫాలు, కార్లు, చెట్ల గురించి నేను వేరే చెప్పాలా.

ఐసేవ్‌పర్సెంట్ అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 50 ఉంటుంది. ఫైల్లో ఎంత ఖాళీ జాగా వృథాగా ఉన్నా ఓర్చుకోవాలో చెప్పే అంకె అది. 0 పెడితే ప్రతిసారీ ఫుల్ సేవ్ అవుతుంది. సేవ్‌కి టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది కానీ ఫైల్ చిక్కిపోతుంది. మెయిల్ చేసే ముందు 0 పెట్టి ఒకసారి సేవ్ కొట్టడం నా అలవాటు.

ఇక లేయర్లు. పర్జ్‌కి లొంగని లేయర్ కనపడగానే లేడెల్ కొట్టకండి. అది లేయర్‌తో పాటు దానిమీద ఉన్న వస్తువుల్ని కూడా తుడిచేస్తుంది, బ్లాకుల లోపల ఉన్నవాటితో సహా. తలుపు బ్లాక్‌లో రెక్క మాయమై చట్రం మాత్రం మిగిలిన డ్రాయింగ్‌లు నేను చూశాను. ముందు లేవాక్ నడపండి. లిస్టులో ఒక్కో లేయర్ మీద క్లిక్ చేస్తుంటే దానిమీదున్నది మాత్రమే తెరమీద కనిపిస్తుంది. ఏం ఉందో చూశాక, ఉంచుకోవలసిందైతే లేమర్జ్‌తో సరైన లేయర్‌లో కలిపేయండి. ఆటోక్యాడ్ తనంతట తాను పెట్టుకునే 0 లేయర్, డెఫ్‌పాయింట్స్ లేయర్ల జోలికి వెళ్లొద్దు. డెఫ్‌పాయింట్స్ ప్లాట్‌లో రాదు కాబట్టి దానిమీద ఏదైనా గీసి, ప్రింట్‌లో పడలేదేంటని జుట్టు పీక్కునేవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు.

బ్లాక్ తయారుచేసేటప్పుడు లోపలి గీతలన్నీ 0 లేయర్‌లో, రంగు బైలేయర్‌లో (లేయర్ రంగే గీత రంగు) పెట్టండి. ఆ బ్లాక్ ఏ లేయర్‌లో ఇన్సర్ట్ చేస్తే ఆ రంగు తెచ్చుకుంటుంది. అలా కాక ఒక్కో గీత ఒక్కో లేయర్‌లో ఉంటే ప్రతి ఇన్సర్ట్‌తో నాలుగు కొత్త లేయర్లు దిగుమతి. రంగులు చేత్తో మార్చేసిన పాత ఫైళ్లకి సెట్‌బైలేయర్ ఉంది.

ఆఫ్‌కీ ఫ్రీజ్‌కీ తేడా నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక ప్లాన్‌లో ఎలక్ట్రికల్ లేయర్లు ఆఫ్ చేసి, తెరమీద ఉన్న పాత ఫర్నిచర్ మొత్తం తీసేద్దామని ఎరేజ్ కొట్టి ఆల్ అన్నాను. తెర శుభ్రమైంది, సేవ్ చేసి ఇంటికెళ్లాను. మర్నాడు ఎలక్ట్రికల్ ఆన్ చేస్తే ఒక్క స్విచ్ లేదు. ఆఫ్‌లో ఉన్నవి కనపడవు కానీ ఆల్ అంటే అవీ ఎంపికవుతాయి. ఫ్రీజ్‌లో ఉన్నవైతే చిక్కవు. ఒక్కసారే సేవ్ చేశాను కాబట్టి పక్కనే బ్యాక్ ఫైల్ (సేవ్ కొట్టినప్పుడు ఆటోక్యాడ్ ఉంచే ముందటి కాపీ) బతికుంది. దాని పేరు చివర డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్ గుర్తు) అని మార్చి తెరిచాను. ఆ టెన్షన్ తర్వాత పని చేసేటప్పుడు పక్కన పెట్టాల్సిన లేయర్లన్నిటికీ ఫ్రీజే వాడుతున్నాను.

బేస్ ప్లాన్‌ని ప్రతి షీట్‌లో పేస్ట్ చేసే బదులు ఎక్స్‌రెఫ్‌గా, అంటే బయటి ఫైల్‌కి లింక్‌గా తగిలిస్తే సగం గొడవ పుట్టనే పుట్టదు. బైండ్ చేయాల్సివస్తే, అంటే ఆ లింక్ తెంచి ప్లాన్‌ని ఫైల్లోనే కలిపేయాల్సివస్తే మాత్రం ఇన్సర్ట్ రకం ఎంచుకోండి. బైండ్ అనే రెండో రకంతో ప్రతి లేయర్ పేరు ముందు ఫైల్ పేరు, డాలర్ 0 డాలర్ వచ్చి చేరతాయి, లిస్ట్ చాంతాడంత అవుతుంది.

టాయిలెట్ డ్రాయింగ్ చివరికి 640 కేబీ అయింది. పంపించాక వారానికి అదే ఆయన నుంచి ఇంకో ఫైల్ వచ్చింది, కిచెన్ డీటెయిల్, 38 ఎంబీ. ఈసారి ఆయన టెంప్లేట్ ఫైల్ (కొత్త డ్రాయింగ్‌లన్నీ మొదలుపెట్టే ఖాళీ ఫైల్) కూడా పంపమన్నాను. ఒక్క గీత లేని ఆ ఖాళీ టెంప్లేటే 37 ఎంబీ ఉంది.