పాతకాలపు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ రికార్డు కూర్చడం ఎలా?

ముందు నాలుగు పట్టికలు గీసుకోండి: లీగ్, ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ), అంతర్జాతీయం, యుద్ధకాలం. అన్నీ ఒకే మొత్తంలో కలిపేస్తే తర్వాత విడదీయలేక తల పట్టుకోవాల్సిందే. వరుసకు ఒక సీజన్ రాయండి, ఏడాది కాదు. లివర్‌పూల్ 1906లో లీగ్ గెలిచిందంటే అది 1905–06 సీజన్.

ఇంగ్లండ్ గోల్‌కీపర్ సామ్ హార్డీని తీసుకోండి. అతను ఆడిన క్లబ్బులివి: 1903లో చెస్టర్‌ఫీల్డ్, 1905లో లివర్‌పూల్, 1912లో ఆస్టన్ విల్లా, 1921 నుంచి 1925 దాకా నాటింగ్‌హామ్ ఫారెస్ట్. విల్లాలో తొమ్మిదేళ్లున్నాడు కదా అని తొమ్మిది సీజన్లు వేసేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1919 దాకా లీగే జరగలేదు, నాలుగు పోయినట్టే. యుద్ధ రోజుల్లో ఆటగాళ్లు వేరే క్లబ్బులకు అతిథులుగా ఆడేవారు. హార్డీ కూడా ఫారెస్ట్‌కు అలాగే ఆడాడు. దాన్ని 1921 బదిలీతో కలపకండి.

పత్రికల్లో వెతికేటప్పుడు ఇంటిపేరు, క్లబ్బు పేరు కలిపి ఇవ్వండి. మ్యాచ్ వార్తల్లో పూర్తి పేరు అరుదు. అక్షరాలూ మారుతుంటాయి: షెఫీల్డ్ యునైటెడ్ భారీకాయుడు ఫౌల్క్‌ను కొందరు ఫౌల్క్స్ అని అచ్చేశారు. జట్టు జాబితాలో మొదటి పేరే గోల్‌కీపర్. ఆ తర్వాత ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌లు. లీగ్‌లో చొక్కా నంబర్లు తప్పనిసరైంది 1939లోనే కాబట్టి వాటి కోసం చూడకండి.

ఎక్కువమంది బోల్తాపడేది గోల్స్ లెక్క దగ్గర. లీగ్‌లో సబ్‌స్టిట్యూట్ 1965 దాకా లేడు. కీపర్‌కు దెబ్బ తగిలితే మైదానంలోని ఆటగాడే గోల్‌లో నిలబడేవాడు. అందుకే స్కోరు చూసి గోల్స్ అన్నీ కీపర్ ఖాతాలో వేయకుండా వార్త చివరిదాకా చదవండి. కీపర్ మైదానం మధ్యదాకా వచ్చి బంతిని చేత్తో ఆడాడని రాసుంటే అచ్చుతప్పు అనుకోకండి. 1912 దాకా తన సగంలో ఎక్కడైనా చెయ్యి వాడొచ్చు.

ఫొటో తేదీ తేల్చడానికి జెర్సీ పనికొస్తుంది. 1909 దాకా కీపర్‌దీ జట్టు చొక్కాయే. తర్వాత ఎరుపు, నీలం, తెలుపుల్లో ఒకటి, 1912 నుంచి ఆకుపచ్చ కూడా. నలుపు-తెలుపు ఫొటోలో రంగు తెలియకపోయినా తేడా కనిపిస్తుంది.

హార్డీ అంతర్జాతీయ మ్యాచ్‌లు 1907–1920 మధ్య 21. మీ మొత్తం అంతకు మించితే యుద్ధం ముగిశాక 1919లో ఆడిన విక్టరీ మ్యాచ్‌లు కలిశాయేమో చూడండి. అవి అధికారిక లెక్కలోకి రావు.