వార్డులో రోగికి పోషణ లోపం ఉందో లేదో ఎలా పట్టుకోవాలి

రోగి చేరిన 24 గంటల్లోపే బరువు చూసి కేస్ షీటులో రాయాలి. నాలుగు సెలైన్లు ఎక్కాక చూస్తే ఆ అంకె ఒంటిదో నీళ్లదో చెప్పలేం.

పాత బరువు చాలామందికి గుర్తుండదు. పాత ఓపీ చీటీలో వెతకండి. దొరక్కపోతే "అమ్మా, సంక్రాంతికి కుట్టించుకున్న జాకెట్టు ఇప్పుడు ఎట్టుంది, వదులయిందా?" అని అడగండి. మగవాళ్లనైతే మొలతాడు, ఉంగరం సంగతి అడగాలి.

తర్వాత పోషణ లోపం ముప్పును అంకెల్లో పసిగట్టే 'మస్ట్' పద్ధతిలో మార్కులు వేయండి. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 20 దాటితే 0, 18.5 నుంచి 20 అయితే 1, అంతకు తక్కువైతే 2. గత మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిన బరువు 5 శాతం లోపైతే 0, 5 నుంచి 10 అయితే 1, 10 దాటితే 2. జబ్బు తీవ్రంగా ఉండి ఐదు రోజులకు పైగా తిండి లేకపోయినా, ఉండదనిపించినా మరో 2. మొత్తం 1 వస్తే మూడు రోజులు ఏం తిన్నదీ రాసిపెట్టాలి. 2 గానీ అంతకు మించిగానీ వస్తే డైటీషియన్‌ని పిలవాలి.

150 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 52 కిలోల నుంచి 46కి దిగిందనుకోండి. బీఎంఐ 20.4, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తగ్గింది 11.5 శాతం, అంటే 2 మార్కులు. బీఎంఐ ఒక్కటే చూసి వదిలేస్తే ఇలాంటివాళ్లే తప్పిపోతారు.

కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగినవాళ్లు వస్తుంటారు. వాళ్ల ఎత్తు కొలిస్తే తక్కువ పడి, బీఎంఐ లేనిపోని ఎక్కువగా కనబడుతుంది. అప్పుడు టేపు తీయండి. ఎడమ మోచేయి మడిపించి, భుజం ఎముక కొసకీ మోచేతి కొసకీ సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టండి. చెయ్యి వదులుగా వేలాడేయించి, కండ నొక్కుకుపోకుండా చుట్టుకొలత తీయండి. 23.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే బీఎంఐ 20 లోపే ఉండొచ్చు. కిడ్నీ, లివర్ జబ్బులతో కాళ్లకు నీరు, పొట్టలో నీరు ఉన్నవాళ్ల బరువునూ నమ్మొద్దు, వాళ్లకూ టేపే మేలు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గిందని పోషణ లోపం రాసేయకండి, ఇన్ఫెక్షన్‌లోనూ అది పడిపోతుంది.

ఇక పళ్లెం. పూటపూటకీ మిగిలింది చూసి, తిన్నది ముప్పాతికా, సగమా, పాతికా అని రాయండి. "తిన్నాడు" అన్న మాటకు లెక్కలో విలువ లేదు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 25-30 కేలరీలు, 1.2-1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 46 కిలోలకు 55 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డుకు 6, అరలీటరు పాలకు సుమారు 16 గ్రాములు వస్తాయి. కిడ్నీ రోగులకు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే.

ఆపరేషన్ అయ్యాక పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పథ్యం పేరుతో చారన్నం, బ్రెడ్డు మీద నెట్టుకొస్తారు. నిజానికి ప్రొటీన్ చాలకే గాయం ఆలస్యంగా మానుతుంది. బలానికి గ్లూకోజు ఎక్కించమని అడిగేవాళ్లకు ఈ అంకె చెప్పండి: 5 శాతం గ్లూకోజు అరలీటరులో నూరు కేలరీలు కూడా దాటవు.

ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండా పెట్టకూడదు. ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. మొదటి రెండు రోజులు సగానికి మించకుండా ఇస్తూ, రక్తపరీక్ష చూసుకుంటూ పెంచాలి. పది రోజులకు పైగా పస్తున్నవాళ్లకు కిలోకు 10 కేలరీలతోనే మొదలు. తిండికి ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి.

వారం వారం అదే తూనిక మీద, అదే వేళకు, టిఫిన్‌కు ముందు మళ్లీ బరువు చూడండి.