ఉప్పునీటి అక్వేరియం: మొదటి చేప వేసేలోపు జరగాల్సిన పని

ఉప్పునీటి ట్యాంక్ పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందు చేప మీద మనసు పడి, ట్యాంక్ సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు. నేనూ అంతే. నీళ్లు నింపిన మర్నాడే చేప వేసేస్తే, అది వదిలే వ్యర్థాలు, తినకుండా మిగిల్చిన మేత అమ్మోనియాగా మారతాయి, ఆ అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఇంకా పుట్టనే లేదు కాబట్టి పాపం ఆ చేప తన విషంలో తనే ఈదాలి. అందుకే చేప కంటే ముందు బ్యాక్టీరియాను పెంచాలి. ట్యాంక్‌ను సైకిల్ చేయడం అంటే ఇదే. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ముందు సైజు. మొదటిసారి కాబట్టి చిన్నది చాలు అనుకుంటాం, తిరకాసంతా అక్కడే. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న 100 లీటర్ల ట్యాంక్‌లో 3 లీటర్లు ఆవిరైతే ఆ 35 కాస్తా 36 అవుతుంది, చేపకు పట్టింపు ఉండదు. అదే 3 లీటర్లు 30 లీటర్ల ట్యాంక్‌లోంచి పోతే దాదాపు 39కి చేరుతుంది. కాబట్టి 100 నుంచి 150 లీటర్ల మధ్య తీసుకోండి. రాళ్లు, గాజు, నీళ్లు కలిపితే 100 లీటర్ల ట్యాంకే 150 కిలోల దాకా తూగుతుంది, స్టాండ్ గట్టిది ఉండాలి, రసమట్టం పెట్టి చూసుకోవాలి. ఒక రాత్రంతా ఉత్త నీళ్లు నింపి ఉంచితే లీకేజీ ఉంటే అప్పుడే బయటపడుతుంది.

నీళ్లు కుళాయివి వద్దు. క్లోరిన్, ఫాస్ఫేట్, నైట్రేట్, ఒక్కోసారి పైపుల్లోంచి వచ్చే రాగి, ఇవన్నీ అందులో ఉండొచ్చు. నత్తలకు, రొయ్యలకు రాగి కొంచెమైనా ప్రాణాంతకమే. ఆర్‌వో తర్వాత డీఐ దశ (మిగిలిన లవణాలను కూడా లాగేసే రెజిన్) ఉన్న ఫిల్టర్ నీళ్లు కావాలి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 0 చూపించాలి. తాగేనీటి ఆర్‌వోలో డీఐ ఉండదు, అందులోంచి కొంత టీడీఎస్ దాటిపోతూనే ఉంటుంది.

ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ అన్నీ ఉన్న మెరైన్ సాల్ట్ మిక్స్. కొలత ప్యాకెట్ మీద ఉంటుంది, లీటరుకు అటూఇటుగా 35 నుంచి 40 గ్రాములు. నీళ్లలో ఉప్పు పోయాలి గానీ ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. తిరగేసి చేస్తే అడుగున ఉప్పు మరీ చిక్కగా అయి కాల్షియం తెల్లటి పొడిలా విడిపోతుంది, ఎంత కలిపినా నీళ్లు మజ్జిగలా తెల్లగానే ఉంటాయి. చిన్న పంపు వేసి కొన్ని గంటలు తిరగనిచ్చి, ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి, సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 - 1.026 ఉంటే సరి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ను ఉత్త నీళ్లతో సున్నాకు సరిచేసి ఊరుకోకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో కూడా సరిచూసుకోండి, మనకు కావాల్సిన లెక్క ఆ దగ్గర్లోనే కదా.

రాళ్లంటే అలంకరణ అనుకుంటారు, నిజానికి ఫిల్టర్ అవే. ఆ రాతి రంధ్రాల్లోనే బ్యాక్టీరియా కాపురం. సముద్ర జీవులతో వచ్చే లైవ్ రాక్ అయితే సైకిల్ త్వరగా అవుతుంది, కానీ అక్కర్లేని పురుగులు కూడా వెంట రావొచ్చు. డ్రై రాక్‌లో ఆ బెడద లేదు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఏదైనా సరే, రాళ్లను నేరుగా అడుగు గాజు మీద నిలబెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయండి. ఇసుక మీద పెడితే ఏ చేపో రొయ్యో కింద తవ్వుకున్న రోజున గుట్ట మొత్తం గాజు మీదికి ఒరుగుతుంది. వెనక గాజుకు రాళ్లు తగలకుండా, నీళ్లు తిరిగేలా కాస్త సందు వదలండి. ఇసుక అరగొనైట్‌ది (కాల్షియం కార్బొనేట్ ఖనిజం), రెండు మూడు సెంటీమీటర్లు చాలు.

హీటర్ 25 డిగ్రీల దగ్గర పెట్టండి, నీళ్లు కదలడానికి వేవ్‌మేకర్ ఒకటి. నురగతో వ్యర్థాలను బయటికి తీసే స్కిమ్మర్ ఈ సైజుకు మంచిదే, కానీ మొదటి రోజే తప్పదని ఏం లేదు. వైర్లు మాత్రం ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా పెట్టండి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్‌లోకి పోకుండా నేల మీద పడుతుంది. ఉప్పునీళ్లతో కరెంటు విషయంలో ఆటలొద్దు.

ఇక అసలు సంగతి. బ్యాక్టీరియాకు తిండి కావాలి, ఆ తిండి అమ్మోనియా. కొందరు పచ్చి రొయ్య ఒకటి పడేసి కుళ్లనిస్తారు, పని జరుగుతుంది గానీ ఎంత అమ్మోనియా పడిందో మన చేతిలో ఉండదు, కంపు అదనం. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం కొని 2 పీపీఎం (లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేయడమే నాకు నచ్చిన పద్ధతి. సీసాలో అమ్మే బ్యాక్టీరియా కూడా పోస్తే రోజులు తగ్గుతాయి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. ఈ రెండోవి నింపాదిగా పెరుగుతాయి, అందుకే అమ్మోనియా పడిపోయాక కూడా నైట్రైట్ రోజుల తరబడి దిగదు.

నీళ్లు పరీక్షించే నా టెస్ట్ కిట్‌లో అమ్మోనియా లేకపోతే ట్యూబు పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. రోజూ సాయంత్రం ట్యూబును తెల్ల కాగితం ముందు పట్టుకుని, ఇది పసుపా, లేత ఆకుపచ్చా అని కళ్లు చిట్లించి చూడటం అలవాటైపోయింది. మొదటిసారి తొందరెక్కువై, కొలవకుండా రోజూ కాస్త కాస్త అమ్మోనియా పోస్తూ పోయాను. రంగు చార్టులో చివరి ముదురు ఆకుపచ్చ కూడా దాటేసింది, రెండు వారాలు ఏ అంకే కదల్లేదు. 5 పీపీఎం దాటితే ఆ బ్యాక్టీరియాకే ఇబ్బంది అని అప్పటికి తెలీదు. సగం నీళ్లు మార్చాక గానీ గాడిన పడలేదు. నీళ్లు మారిస్తే సైకిల్ పోతుందేమో అని టెన్షన్ పడకండి, బ్యాక్టీరియా ఉండేది రాళ్ల మీద, ఇసుక మీద, నీళ్లలో ఉండేది బహు కొద్ది.

ఇంకో మెలిక ఉంది. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ టెస్ట్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి బెంబేలెత్తొద్దు.

సైకిల్ అయిందో లేదో క్యాలెండర్ చెప్పదు, టెస్ట్ చెబుతుంది. మళ్లీ 2 పీపీఎం అమ్మోనియా వేయండి. 24 గంటల తర్వాత అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వస్తే అయినట్టు. ఒక్కటి రాకపోయినా ఇంకొన్నాళ్లు ఆగండి. అయ్యాక నైట్రేట్ 20 పీపీఎం లోపుకు దిగేలా ఎక్కువ మొత్తంలో నీళ్లు మార్చండి. ఈలోపు లైట్లతో పనేం లేదు, ఆపేసి ఉంచితే నాచు బెడద తగ్గుతుంది. ఆ తర్వాత ఇసుక మీద గోధుమరంగు పొర రావొచ్చు, అది డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు, కొత్త ట్యాంక్‌లో మామూలే. నాలుగైదు నత్తల్ని వేయాల్సింది అప్పుడే, ముందే వేస్తే వాటికి తినడానికేం ఉండదు.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్ జంట మంచిది. గట్టివని చెప్పి డామ్‌సెల్స్ అనే చిన్న చేపలతో సైకిల్ చేసే పాత పద్ధతి ఒకటుంది, దాని జోలికి పోకండి. ఆ చేపలకు నరకం, బతికి బట్టకట్టినవి తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమి తరిమి కొడతాయి. బ్లూ ట్యాంగ్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మాండరిన్ చేప తినేది బతికున్న కోపెపాడ్‌లు అనే అతిచిన్న జీవుల్ని, కొత్త ట్యాంక్‌లో అవి చాలినన్ని ఉండవు, చేప ఆకలితో చిక్కి చచ్చిపోతుంది.

గాజు మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించి, మట్టం దాని కిందికి దిగినప్పుడల్లా ఉప్పు కలపని ఆర్‌వో డీఐ నీళ్లే పోయండి. వారానికోసారి 10 శాతం మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపినవి. కొత్త చేపలకు మొదటి వారం రెండు నిమిషాల్లో తినేసేంతే మేత వేసి, మిగిలింది తీసేయండి. ఆ వారమంతా సాయంత్రం ట్యూబు బయటికి తీస్తూనే ఉండాలి, పసుపు కాస్త పచ్చదనం తిరిగినా ఆ పూట మేత ఆపి ఐదో వంతు నీళ్లు మార్చండి, అది సున్నాకు వచ్చి నిలబడేదాకా ఇంకో చేప మాట ఎత్తకండి.