మృగశిర రాకముందే మిస్సింగ్ పట్టుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండ బానెట్ కింద ఉన్న రబ్బరును మాత్రం వదులుతుందా? స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ కొసన, ప్లగ్గు మీద తొడిగే రబ్బరు బూటు, పాత బండ్లలో ప్లగ్గు వైర్లు, వాక్యూమ్ పైపులు అన్నీ ఇంజిన్ వేడికి ఎండవేడి తోడై గట్టిపడతాయి, సన్నగా చిట్లుతాయి. ఎండలున్నంత కాలం ఏమీ తెలియదు. మృగశిరలో రెండు జల్లులు పడగానే ఆ పగుళ్లలోకి చెమ్మ చేరుతుంది. ప్లగ్గు కొసన పడాల్సిన స్పార్క్ దారి తప్పి ఇంజిన్ బాడీకి దూకేస్తుంది. ఆ సిలిండర్ పనిచేయదు, బండి మిస్సింగ్ కొడుతుంది. వానలో బయటపడే మిస్సింగ్ చాలాసార్లు ఎండాకాలంలోనే పుట్టి ఉంటుంది. అందుకే నేను మే నెలాఖరులోనే బానెట్ ఎత్తుతాను.

ఈ అలవాటు శ్రీశైలం ఘాట్‌లో వచ్చింది. శ్రావణమాసం, ఆగని వాన. లింగాలగట్టు దగ్గర వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే బండి జర్కులు కొట్టడం మొదలుపెట్టింది. మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంది. గుడిదాకా ఎలాగోలా చేరుకుందామనుకున్నాను. రెండో మలుపులోనే ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. కంగారులో బ్రేకు రెండు మూడుసార్లు తొక్కి వదిలేసరికి పెడల్ కూడా గట్టిపడిపోయింది. వెనక సీట్లో అమ్మ, బండి వెనక్కి జారుతోంది. బలమంతా పెట్టి బ్రేకు అదిమిపట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరు వేశాను. తమ్ముడు దూకి చక్రం వెనక రాయి పెట్టాడు.

ఇంజిన్ ఆగితే, మన తొక్కుడుకు బలం జోడించే బ్రేకు బూస్టర్‌లో మిగిలే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. కాబట్టి పంపు కొట్టినట్టు కొట్టకండి. ఒక్కసారే గట్టిగా అదిమి, అలాగే పట్టి ఉంచండి. ఈ సంగతి ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి.

మర్నాడు మెకానిక్ అన్న మూడో సిలిండర్ కాయిల్ పీకి బూటు నా చేతిలో పెట్టాడు. నల్లటి రబ్బరు మీద పెన్సిల్‌తో గీసినట్టు పొడవునా ఒక సన్నని గీత, బూడిద రంగులో. స్పార్క్ నడిచిన దారి అది. ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద కూడా సరిగ్గా అదే వరసలో నల్ల గీత ఉంది. అంతకు ముందు నెలలో ఆ బూటును ఒక్కసారి తీసి చూసుకున్నా ఆ ఘాట్‌లో మా అమ్మ అంత భయపడాల్సి వచ్చేది కాదు.

ఆ గీత కోసమే మీరు వెతకాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళంచెవి బయటికి తీసేసి మొదలుపెట్టండి. చాలా పెట్రోల్ కార్లలో కాయిల్‌ను పదో నంబరు బోల్టు ఒక్కటే పట్టి ఉంచుతుంది. కాయిల్ తీశాక ప్లగ్గు గుంతలో దుమ్మును గాలి కొట్టి ఊదేయండి, లేదంటే ప్లగ్గు విప్పగానే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. గుంతలో నూనె కనిపిస్తే పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతున్నట్టు. ఆ నూనె బూటును పాడుచేస్తుంది, ముందు దాని సంగతి చూడాలి. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. పెట్రోల్‌తో తడిగా ఉంటే చాలాసార్లు అక్కడ స్పార్క్ పడటం లేదన్నమాట. మామూలు నికెల్ ప్లగ్గులకు 30, 40 వేల కిలోమీటర్లు, ఇరీడియం వాటికి సుమారు లక్ష ఆయుష్షు. ప్లగ్గు మొన దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఎంతుంటే అంతే. తిరిగి బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పండి. హెడ్ అల్యూమినియం, మర ఒక్కసారి తప్పితే ఖర్చు ప్లగ్గులతో ఆగదు.

అద్దం కింద వైపర్ల దగ్గరున్న గాడిని కూడా చూడండి. వేపచెట్టు నీడలో నిలిపే బండి అయితే అక్కడ ఆకులు పేరుకుని డ్రెయిన్ రంధ్రం మూసుకుపోతుంది, వాననీళ్లు పొంగి ఇంజిన్ మీద పడతాయి. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టనివ్వకండి. వానాకాలం ఎలుకలు వెచ్చదనం కోసం బానెట్ కింద చేరి ఇంజెక్టర్ వైర్లు కొరుకుతాయి, దాంతోనూ ఇదే మిస్సింగ్ వస్తుంది.

ఇప్పటికే మిస్సింగ్ ఉంటే, సామాన్లు మార్చే ముందు స్కానర్ పెట్టించి, బండి కంప్యూటర్ చూపే తప్పు కోడ్ చదివించండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0303 అంటే మూడోది. పి0300 వస్తే తప్పు ఒక్క సిలిండర్‌కు కట్టుబడి లేదని. ఉదాహరణకు పి0303 వస్తే, మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోదాని కాయిల్ మూడోదానికి పెట్టించండి. కోడ్ పి0302కు మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గులు ఇలాగే మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా నాలుగు కాయిల్సూ మార్చేద్దామంటే ఒప్పుకోకండి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకి చూసే పాత పద్ధతి వద్దే వద్దు. అందులో వేల వోల్టుల కరెంటు ఉంటుంది, కొట్టిందంటే ప్రమాదం, పైగా ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ కూడా దెబ్బతినొచ్చు.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డుకు వెళ్లొచ్చు. వెలిగి ఆరుతుంటే పక్కకు ఆపేయాలి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, కన్వర్టర్ లోపల కరిగిపోతుంది. అది ఎర్రగా కాలి ఉన్నప్పుడు ఎండుగడ్డి మీద బండి నిలపకండి.

జర్కులేమీ లేకుండా సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగిపోతుంటే ముందు ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి, వాక్యూమ్ లీకు చూపించండి. బాగా వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. పెట్రోల్ పోయించుకున్న కాసేపటికే మొదలైతే ట్యాంకులో నీళ్లు చేరాయేమో చూడాలి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోతాదు మించితే విడిపోయి అడుగుకు దిగుతుంది, పంపు లాగేది ఆ అడుగునుంచే. వానాకాలమంతా ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, మూత రబ్బరు చూసుకోండి, బంకు బిల్లు దాచుకోండి.

డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు కాబట్టి దాని లెక్క వేరు. ముందుగా ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలించండి.

ఇక వరదనీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నిలిపిన కార్లు నిలిపినచోటే నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన బండికైనా, నీళ్లలో నడుస్తూ ఆగిన బండికైనా సెల్ఫ్ కొట్టకండి. గాలిని నొక్కినట్టు పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీయించి, బండిని లాగించుకెళ్లి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నీళ్లు బయటికి పోయాకే ఇంజిన్ తిప్పించండి. ఇలా పోయిన ఇంజిన్‌కు మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బివ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. మీ పాలసీ కాగితం తీసి అది ఉందో లేదో ఈరోజే చూడండి.